రికార్డు ప్రకారం భూమిలో ఉన్న పైపు

2022 జులైలో నన్ను పశ్చిమ గోదావరిలో ఒక చిన్న పురపాలక సంఘానికి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా బదిలీ చేశారు. ఊరి పేరు రాయను. భీమవరంలో బస్సెక్కితే ముప్పావుగంట ప్రయాణం, అంతవరకే చెబుతాను. నేను కనబడితే ఆ ఊరివాళ్లు ఇప్పటికీ కుర్చీ వేసి టీ ఇస్తారు. ఆ మర్యాద పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. అప్పటికి నా పదవీ విరమణకి రెండున్నరేళ్లు ఉంది.

డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరంటే ఏం చేస్తారమ్మా అని మా చుట్టాలు నా సర్వీసంతా అడుగుతూనే ఉన్నారు. మా శాఖలో ఆ పదవిని డీఈ అంటారు. డీఈ కింద ఏఈ ఉంటాడు. అతను పని దగ్గర నిలబడి, టేపు పట్టి కొలిచి, ఎం-బుక్కు అనే కొలతల పుస్తకంలో రాస్తాడు. ఆ కొలత నిజమేనని చూసి సంతకం పెట్టేది డీఈ. డీఈ పైన ఈఈ, ఆ పైన ఎస్‌ఈ ఉంటారు. వాళ్లు డీఈ సంతకం ఉందో లేదో చూస్తారు. అంటే పనిని కళ్లతో చూసి సంతకం పెట్టేవాళ్లలో డీఈయే ఆఖరు. ఇది ఉద్యోగంలో చేరిన కొత్తలోనే చదువుకున్నాను గానీ, అర్థమైంది మాత్రం ఈ ఊళ్లోనే.

నేను చేరేనాటికి ఆ ఊరికి అవతల, కాలువ దాటాక, పేదవాళ్ల కోసం కట్టిన ఒక కాలనీ తయారుగా ఉంది. మూడంతస్తుల బిల్డింగులు, నూట తొంభై రెండు ఇళ్లు, రంగులు కూడా వేసేశారు. తలుపులకి తాళాలు, తాళాలకి దుమ్ము. లాటరీ తీసి పేర్లు ప్రకటించి అప్పటికే రెండేళ్లు దాటింది. నీళ్లు లేక ఎవరూ చేరలేదు. చార్జి తీసుకున్న రోజున మా ఏఈ సుధాకర్ నెలవారీ ప్రగతి నివేదిక తెచ్చి నా ముందు పెట్టాడు. కాలనీ నీటి పథకం తొంభై ఎనిమిది శాతం పూర్తి అని ఉంది. మిగతా రెండు శాతం ఏంటని అడిగాను.

"కాలువ కింద పైపేనండి మేడం. ఇరవై రెండు మీటర్లు. అది తప్ప అంతా అయిపోయిందండి," అన్నాడు.

కాంట్రాక్టర్ల పద్ధతి తెలిసినవాళ్లకి ఇందులో వింతేమీ లేదు. అడ్డం లేని చోట ముందు పని చేస్తారు, అడ్డం ఉన్నది ఆఖరికి వదిలేస్తారు. ఊరివైపు, నీళ్లు శుద్ధి చేసే ఫిల్టరు బెడ్ల నుంచి కాలువ గట్టు దాకా పైపు వేశారు. అవతలి గట్టు నుంచి కాలనీ సంపు దాకా వేశారు. సంపు అంటే నేలలో కట్టిన నీళ్లతొట్టి. అందులోంచి మోటారు పైనున్న ట్యాంకులోకి తోడుతుంది. సంపు, మోటారు, ట్యాంకు, ఇంటింటికీ కుళాయి, అన్నీ ఉన్నాయి. రెండు గట్ల మీదా పైపు మూతులకి ఇనుప బిళ్లలు బిగించి కూర్చున్నారు. ఇంకో వైభవం కూడా చెప్పాలి. కాలనీ మురుగుని శుద్ధి చేసే ప్లాంటు అన్నిటికంటే ముందే పూర్తయింది, ఎందుకంటే దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మురుగు చేయడానికి నీళ్లే లేవు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, దానికో ఆపరేటర్ని కూడా వేశారు. పాపం, ఆయన రోజూ వచ్చి బోర్డు తుడిచి వెళ్లేవాడు.

డెల్టా కాలువలో పైపు వేయడం మిగతా చోట్లలా కాదు. ఇంచుమించు ఏడాది పొడుగునా కాలువ నిండుగా పారుతుంది. ఏప్రిల్ ఆఖర్లో నీళ్లు కట్టేస్తారు, జూన్ మొదట్లో పసుపు కుంకుమలు వేసి మళ్లీ వదులుతారు. మధ్యలో ఉన్న ఆ నలభై రోజులే కాలువ అడుగు కనబడేది, మాలాంటివాళ్లు తవ్వుకోగలిగేది. దానికి ఇరిగేషన్ వాళ్ల అనుమతి కావాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మా విషయంలో పూజారి కూడా ఇచ్చాడు. కానీ నేను చేరడానికి నెల ముందు, ఆ ఉత్తరం రెండు ఆఫీసులు తిరిగి మా ఊరు చేరేసరికి కాలువలో నీళ్లు వదిలేసి మూడు రోజులైంది. ఆ అనుమతి ఆ ఏటి కట్టివేతకే చెల్లుతుంది. అలా ఏడాది పోయింది.

సరే, వచ్చే ఏప్రిల్ దాకా ఆగుదామనుకున్నాను. ఆగనివ్వలేదు. 2023 మాఘమాసంలో మంచి ముహూర్తం ఉందనీ, కాలనీ ప్రారంభోత్సవం చేసి తీరాలనీ పైనుంచి కబురొచ్చింది. కమిషనరుగారు నన్ను పిలిచి, కుళాయి తిప్పితే నీళ్లు రావాలన్నారు. కాలువ సంగతి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "అదంతా సరేనండి, కుళాయి తిప్పితే నీళ్లు రావాలి," అని మళ్లీ అన్నారు.

ఉపాయం సుధాకర్ చెప్పాడు. ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి సంపులో పోసి మోటారు వేస్తే ట్యాంకు నిండుతుంది, కుళాయిలన్నీ పారతాయి. ఎవరికీ తేడా తెలియదు. నాకు కోపం రావాల్సింది. రాలేదు సరికదా, అమ్మయ్య అనిపించింది. ఇక్కడ ఇంకో చిక్కుంది. పూర్తికాని పథకాన్ని ప్రారంభించకూడదని నిబంధన. అందుకని పని పూర్తయినట్టు కంప్లీషన్ సర్టిఫికెట్ కావాలి. అది ఇవ్వాల్సింది నేను. రెండు నెలల్లో కాలువ కడతారు, పైపు వేసేస్తాం, అప్పటికి ఇది నిజమే అవుతుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. సంతకం పెట్టాను.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. కడియం నుంచి లారీలో మొక్కలు తెప్పించి దారి పొడుగునా నాటారు. అతిథులకి ఆత్రేయపురం పూతరేకులు పెట్టారు. జాబితాలో మొదటి పేరున్న మనిషి చేత పాలు పొంగించాలనుకున్నారు. ఆ పేరు సత్తెమ్మ. నలభై అయిదేళ్లుంటాయి. చేపలమ్మే మనిషి. తెల్లారగట్ల చెరువుల దగ్గర సరుకెత్తుకుని, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లో తిరిగి అమ్ముతుంది. భర్త రొయ్యల చెరువు మీద కాపలా, వారానికోసారి ఇంటికొస్తాడు. కాలువ గట్టున తాటాకు పాకలో పాతికేళ్లుగా ఉంటున్నారు. ఆవిడ పాలు పొంగించింది, కుళాయి తిప్పింది, నీళ్లు ధారగా బిందెలో పడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఫొటో తీశారు. నోరంతా నవ్వుతో సత్తెమ్మ, బిందె, కుళాయి, వెనకాల సగం కనబడుతూ నేను.

ఆ మధ్యాహ్నమే ఆవిడ పాక తీసేశారు. గట్టు మీద ఉన్నవాళ్లకి ఇల్లిస్తే పాక ఖాళీ చేయాలని షరతు. ఇరిగేషన్ మనుషులు వచ్చారు గానీ వాళ్లు చేయి వేయాల్సిన పని పడలేదు. సత్తెమ్మే నడుం బిగించి తాటాకులు పీకి, వాసాలు కట్టగట్టి, మరదలికి ఇచ్చేసింది. నేను జీపులో కూర్చుని ఉన్నాను. ఆ పాక ఓ రెండు నెలలు ఉంచుకోమ్మా అని చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టదు. చెబితే నీళ్ల సంగతి బయటపడుతుంది. డ్రైవర్ని పోనిమ్మన్నాను.

మూడో రోజుకి ట్యాంకు ఖాళీ అయింది. మిగతా ఇళ్లవాళ్లు తెలివైనవాళ్లు. పాలు పొంగించుకుని, తాళం వేసి, అద్దె గదులకి వెళ్లిపోయారు. సత్తెమ్మకి వెళ్లడానికి చోటు లేదు. పైగా తీసుకున్న ఇంట్లో ఉండనివాళ్ల కేటాయింపు రద్దు చేసి తర్వాతి పేరుకి ఇస్తామని అందరికీ నోటీసులు వెళ్లాయి. మిగతావాళ్లు పట్టించుకోలేదు, ఈవిడ భయపడింది. అలా ఆ కాలనీలో కాపురం ఉన్నది ఆవిడ ఒక్కతే. నాలుగో రోజు పొద్దున్నే మా ఆఫీసుకొచ్చింది.

"అమ్మగారండీ, కుళాయి తిప్పితే గాలొత్తందండి."

మోటారు రిపేరన్నాను. అది నా రెండో అబద్ధం. ట్యాంకరు పంపించాను. రెండు వారాలు పంపాక ఆఫీసులో అభ్యంతరం పెట్టారు. పైపు నీళ్లున్న కాలనీకి ట్యాంకరు ఎందుకని అడిగారు. నా సర్టిఫికెట్ నకలు దానికి జతచేశారు. నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ట్యాంకరు ఆగిపోయింది.

సత్తెమ్మ సోమవారం ఫిర్యాదుల రోజున వెళ్లి అర్జీ పెట్టింది. అక్కడ కూర్చున్న అధికారి కంప్యూటర్లో ఫైలు తెరిచి, ప్రారంభోత్సవం ఫొటో చూపించి, ఇది నువ్వే కదమ్మా అని అడిగారట. నేనేనండి అందిట. కుళాయిలోంచి వచ్చేవి నీళ్లే కదా అన్నారట. నీళ్లేనండి అందిట. మరింకేంటమ్మా అని, సమస్య పరిష్కారమైనట్టు రాసి, అర్జీదారు సంతృప్తి చెందారని పెట్టి, అదే ఫొటో జతచేసి పంపించేశారు. ఆవిడ తిన్నగా నా దగ్గరికొచ్చి జరిగింది చెప్పింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

"ఆ పొటోలో మరీ అంత నవ్వకుండా ఉండాల్సిందండి," అంది.

ఆ మాటకి నాకు సిగ్గేసింది. కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. పైపు లేదు, ట్యాంకర్లతో నింపాం, ఏప్రిల్లో కాలువ కట్టాక వేస్తాం అన్నాను. ఆవిడ అంతా విని, "ఆ ముక్క నాతో ముందే అంటే పాక పీకేదాన్ని కాదు కదండీ," అంది.

నీళ్లు ఇంకో దారిలో దొరికాయి. మనుషులకి ట్యాంకరు ఆపేశారు గానీ, కడియం మొక్కలకి వారానికి రెండు ట్యాంకర్లు మంజూరై ఉన్నాయి. అది పచ్చదనం పద్దు, దాని మీద ఎవరికీ అభ్యంతరం లేదు. ముందు సత్తెమ్మ బిందెలు నింపి, మిగిలినవి మొక్కలకి పోయమని డ్రైవరుతో చెప్పాను. ఆవిడ ఇల్లు కడిగిన నీళ్లు పారబోయకుండా వాకిట్లో ఉన్న గన్నేరు మొక్కకి పోసేది. వాటి పేరు చెప్పుకుని తాగుతున్నాం, వాటి వాటా వాటికివ్వకపోతే పాపమండి అనేది. అయినా ఆ నీళ్లు తాగడానికీ వండుకోవడానికీ బొటాబొటి. గంప కడగడానికి చాలేవి కావు. కాలువలో కడుగుదామంటే, ఊళ్లోవాళ్లు తాగే నీళ్లు అవేనని దిగనిచ్చేవాళ్లు కాదు. వాసనొస్తోందని పాత బేరాలు ఒక్కొక్కటే పోతున్నాయని చెప్పింది. చేపలమ్మే మనిషికి అంతకంటే పెద్ద నష్టం లేదు.

మార్చిలో నేను ఇరిగేషన్ వాళ్లకి మళ్లీ అనుమతి కోసం రాశాను. వాళ్ల జవాబు చూసి నా మతి పోయింది. సదరు పథకం పూర్తయినట్టు మీరే సర్టిఫికెట్ ఇచ్చారు, పూర్తయిన పనికి అనుమతి అనే ప్రశ్న ఉత్పన్నం కాదు అని మొదటి పేరా. కాలనీకి నీళ్లు చేరాయంటే పైపు కాలువ దాటి ఉండాలి, మా అనుమతి లేకుండా కాలువ కింద పైపు వేసినందుకు మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో తెలపండి అని రెండో పేరా. అంటే వేయని పైపుని దొంగతనంగా వేశామని కేసు. తర్కంలో తప్పు పట్టడానికి లేదు. నేను రాసింది నిజమైతే వాళ్లు రాసిందీ నిజమే.

ఆ ఉత్తరం పట్టుకుని ఎస్‌ఈగారి దగ్గరికెళ్లాను. పెద్దాయన మంచివాడే. సర్టిఫికెట్ అబద్ధమని ఒప్పుకుంటే నాతోపాటు సంతకాలు పెట్టిన వాళ్లందరూ ఇరుక్కుంటారన్నారు. అనుమతి లేకుండా వేశామని ఒప్పుకుంటే చిన్న తప్పు, రుసుం కట్టి క్రమబద్ధం చేయించుకోవచ్చన్నారు. "రిటైర్మెంటు ముందు ఇవన్నీ మీకెందుకండీ, రెగ్యులరైజ్ చేయించేయండి," అన్నారు. లేని పైపుని క్రమబద్ధం చేయించమని సలహా. నేనేం చేశానంటారా? చేశాను. తప్పు జరిగిందనీ, దయచేసి క్రమబద్ధం చేయమనీ ఉత్తరం రాసి సంతకం పెట్టి పంపాను. నా సర్వీసులో నేను రాసిన ఉత్తరాలన్నిటిలోకీ తప్పు లేని భాష దానిదే. ఒక్క వాక్యమూ నిజం కాదు, అంతే.

పంపాక గానీ బుర్ర వెలగలేదు. క్రమబద్ధమైతే ఆ పైపు ఉన్నట్టే లెక్క. ఉన్న పైపుని మళ్లీ వేయడానికి ప్రపంచంలో ఎవరూ అనుమతివ్వరు. ఈ కట్టివేతే కాదు, ఏ కట్టివేతలోనూ వేయడానికి ఉండదు.

ఏప్రిల్ ఆఖర్లో కాలువ కట్టేశారు. కాలువ కడితే ఊరి మంచినీళ్ల చెరువు నిలవే దిక్కు, పొదుపు మొదలవుతుంది. మొదట కోత పెట్టింది మొక్కల ట్యాంకర్లకి. దాంతో సత్తెమ్మ నీళ్లు కూడా పోయాయి. నేను ఏడాదంతా ఎదురుచూసిన ఆ నలభై రోజులే ఆవిడకి గొంతు తడారిపోయిన రోజులు. ఒక్క సుళువు మాత్రం ఉంది. వంతెన మైలున్నర దూరం. కాలువ ఎండింది కాబట్టి అడ్డంగా దిగి ఊరివైపు వీధి కుళాయికి పోవచ్చు. మా రెండు ఇనుప బిళ్లలకీ మధ్య గీత గీసినట్టు, నెత్తిన ఒకటి చంకన ఒకటి బిందెలతో రోజుకి పది పన్నెండు సార్లు ఆ కాలువ అడుగున నడిచేది. కాలువలో నీళ్లు వదిలిన రోజున ఆ దారి కూడా మూసుకుపోతుంది. వానాకాలంలో మొక్కలకి ట్యాంకర్లు ఎలాగూ పంపరు. అప్పుడు ఇల్లు వదిలేసి పోవడమే. ఇల్లు వదిలితే కేటాయింపు రద్దు, వెనక్కి పోదామంటే పాక లేదు. ఇదంతా ఆవిడే నాకు ఎదురుపడి చెప్పింది, వేళ్లు మడిచి లెక్కపెడుతూ.

మే మూడో వారంలో ఇరిగేషన్ వాళ్లు ఉమ్మడి తనిఖీ పెట్టారు. క్రమబద్ధం చేసే ముందు పైపు కాలువ అడుగుకి ఎంత లోతులో ఉందో కొలిచి రాయాలి. లోతు చాలకపోతే పూడిక తీసేటప్పుడు తగులుతుంది. వచ్చినాయన వాళ్ల డీఈ, నరసింహమూర్తిగారు. నా ఈడువాడే, నాలాగే రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాడు. తెల్లచొక్కా, చేతిలో గొడుగు, జేబులో సొంత టేపు. మా వైపు నుంచి నేను, సుధాకర్, కాంట్రాక్టరు మనిషి, ఒక పొక్లెయిన్. గట్టు మీద జనం పోగయ్యారు.

తవ్వడం మొదలైంది. ఒకచోట తవ్వారు, లేదు. పక్కన తవ్వారు, లేదు. పైపు కొంచెం వంకరగా పోయిందేమోనండి అన్నాడు సుధాకర్ తేలు కుట్టిన దొంగలా. నేను ఎండలో చెమటలు కక్కుతూ నిలబడ్డాను. సరిగ్గా అప్పుడు సత్తెమ్మ బిందెలతో కాలువలోకి దిగింది. గుంతలు ఆవిడ దారికడ్డం పడ్డాయి. ఏంటి తవ్వుతున్నారని అడిగింది. పైపు కోసమని ఎవరో చెప్పారు.

ఆవిడ బిందెలు కింద పెట్టింది. "లేని పైపుని ఎక్కడని ఎతుకుతారండీ? పైపులు అయ్యిగో, గట్టు మీద నా చేపల కింద ఉన్నాయి. ఎండు చేపలు ఆరేసుకుంటన్నాను. కావాలంటే తీసేత్తాను."

అందరం గట్టు వైపు చూశాం. నిజమే. రికార్డు ప్రకారం భూమిలో ఉన్న పైపులు వరసగా గట్టు మీద ఉన్నాయి, వాటి మీద గోనెపట్టాలు, పట్టాల మీద చేపలు. నాకైతే భూమి చీలితే బాగుండుననిపించింది. అదే సమయంలో, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, పెద్ద బరువు దిగినట్టు కూడా అనిపించింది. నరసింహమూర్తిగారి దగ్గరికెళ్లి, ఆవిడ చెప్పింది నిజమండీ, సర్టిఫికెట్ నేనే ఇచ్చాను, పైపు లేదు అని చెప్పేశాను.

ఆయన గొడుగు మూశారు. గట్టు మీద పైపుల్ని లెక్కపెట్టారు. కాలువలో ఎప్పుడు నీళ్లు వదులుతారని, కాలువ కాపలా చూసే వాళ్ల లష్కర్ని అడిగారు. పన్నెండు రోజుల్లో అన్నాడు లష్కరు. తర్వాత నాతో నెమ్మదిగా మాట్లాడారు.

"చూడండి మేడం, పైపు వేసుకోమని అనుమతివ్వడానికి నాకు అధికారం లేదు. పూర్తయిన పని అని ఫైల్లో ఉంది. తవ్వి చూడమని ఆర్డరివ్వడానికి మాత్రం ఉంది. రెండు గుంతలు తవ్వితే కనబడలేదు కాబట్టి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా లైను పొడుగునా తవ్వి చూపించమని రాసిస్తాను. తవ్వినవాళ్లే పూడ్చాలి. పూడ్చేముందు నేనొచ్చి లోతు కొలుస్తాను. నేను కొలిచేనాటికి అందులో పైపుంటే ఉందని రాస్తాను, లేకపోతే లేదని రాస్తాను. అంతకుమించి నా పని కాదండి."

కాగల కార్యం గంధర్వులే తీర్చారన్న మాట నేను పుస్తకాల్లో చదివాను. గంధర్వులు ఇరిగేషన్ శాఖలో పనిచేస్తారని ఆ రోజే తెలిసింది. సత్తెమ్మ అప్పటికే గట్టెక్కి చేపలు ఎత్తేస్తోంది.

లైను పొడుగునా తవ్వడానికి ఒక రోజు పట్టింది. అడుగున ఊట ఊరుతుంటే ఇంజను పెట్టి తోడించాం. పైపులు దింపి, అతికించి, చుట్టూ కాంక్రీటు పోశాం. మామూలుగా కాంట్రాక్టరు మనిషి నెల తీసుకునే పని ఆరు రోజుల్లో అయింది, ఎందుకంటే పొద్దున్నే ఆరింటికల్లా సత్తెమ్మ అక్కడికొచ్చి, ఇంకా మొదలెట్టలేదేంటని వాళ్లని నిలదీసేది. కాంక్రీటు తడపడానికి నీళ్లు కావాలంటే ఊరి కుళాయి నుంచి తను మోసుకొచ్చిన బిందెల్లోంచి కూడా పోసింది. వద్దంటే వినలేదు. ఎనిమిదో రోజు ఒత్తిడి పెట్టి పరీక్షించాం, ఎక్కడా చెమ్మ లేదు. నరసింహమూర్తిగారు వచ్చి, తన టేపుతో కొలిచి, అడుగుకి మీటరున్నర లోతున పైపు ఉన్నట్టు రాసుకుని వెళ్లారు. పూడ్చేశాం. నాలుగు రోజులకి కాలువలో నీళ్లు వదిలారు.

కాలనీ ట్యాంకు నిండిన పొద్దున నేనే సత్తెమ్మ ఇంటికెళ్లి కుళాయి తిప్పమన్నాను. నీళ్లొచ్చాయి. ఆవిడ నవ్వలేదు. వేలు పెట్టి చూసింది. "మొన్న ఇచ్చింది కూడా మీరేగా అమ్మగారూ. ఇయ్యి ఎన్నాళ్లండి?" అంది. ఎప్పటికీ అన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు. ఇంట్లో ఉన్న గిన్నెలూ, గ్లాసులూ, మూకుళ్లూ అన్నీ నింపుకుంది. అలా వారం పది రోజులపాటు రోజూ నింపుకునేదని తర్వాత తెలిసింది. ఆ వేసవి దాటేసరికి మిగతా ఇళ్ల తాళాలు కూడా తీశారు. మురుగు ప్లాంటు ఆపరేటరుకి పని దొరికింది.

ఇక్కడితో ఆగితే నా సర్వీసు రికార్డు శుభ్రంగా ఉండేది. ఇరిగేషన్ ఫైల్లో పైపు ఉంది, మా ఫైల్లో పైపు ఉంది, భూమిలోనూ పైపు ఉంది. కానీ వేసిన ఇరవై రెండు మీటర్లనీ ఎం-బుక్కులో రాయాలి, కొలిచిన తారీఖు వేయాలి. ఫిబ్రవరి తారీఖు వేయమని సుధాకర్ బతిమాలాడు. మే తారీఖే వేయించి, పక్కన సంతకం పెట్టాను. అది ధైర్యం కాదు. ఒకసారి పని జరగకముందే జరిగిందని రాసి చూశాను, దానివల్ల ఏమైందో చూశాను. మళ్లీ రాయడానికి చెయ్యి రాలేదు, అంతే.

ఏడాది గడిచాక ఆడిట్‌లో ఆ తారీఖు బయటపడింది. నాకు చార్జి మెమో వచ్చింది. ఫిబ్రవరిలో పూర్తయినట్టు ధ్రువీకరించిన పనిని, మే నెలలో, ఎలాంటి మంజూరు లేకుండా, మళ్లీ ఎందుకు చేశారో సంజాయిషీ ఇవ్వండి అని అడిగారు. ఆరు పేజీల సంజాయిషీ రాశాను. ఫిబ్రవరిలో ఇచ్చిన సర్టిఫికెట్ తప్పనీ, ఆ తప్పు నాదేననీ మొదటి పేజీలోనే రాశాను. వాళ్లు మొదటి పేజీ చదివారో లేదో నాకు తెలియదు. పదవీ విరమణకి నాలుగు నెలల ముందు ఉత్తర్వు చేతికొచ్చింది. పూర్తయిన పనిని తిరిగి చేసినందుకు అభిశంసన. సర్టిఫికెట్ గురించి అందులో ఒక్క ముక్క లేదు. అంటే నీళ్లు లేకుండా నీళ్లిచ్చామని రాసినందుకు నన్నెవరూ ఏమీ అనలేదు, నీళ్లిచ్చినందుకు శిక్షించారు. దాని మీద అప్పీలు చేసుకోమన్నారు స్నేహితులు. చేసుకోలేదు. ఏదో ఒక కారణానికి ఆ శిక్ష నాకు రావాల్సిందే.

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి ఏదైనా సలహా చెప్పమంటారు. కాలువ దాటే పని ముందు చేయండి, తేలిక పని తర్వాత చేయండి అని చెబుతాను. అది వృత్తికి సంబంధించినది. రెండోది కూడా చెబుతాను. పని పూర్తయిందని సంతకం పెట్టే ముందు, ఆ సంతకాన్ని నమ్మి ఎవరు ఏం వదులుకోబోతున్నారో వెళ్లి కనుక్కోండి. నేను వెళ్లక్కర్లేకపోయింది. కళ్లముందే ఒక మనిషి సంతోషంగా తన పాక తనే పీకేసుకుంటుంటే జీపులో కూర్చుని చూశాను.